చెంపలు ఆయనవి, మెడ నాది

మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో కత్తి ఉంది. నెత్తురు ఉంది. ఉప్పొంగిన గోదావరి, దాని వెనక అడవి, ఆ అడవిలో ఉద్యోగమంతా గడిపి వచ్చిన ఒక వృద్ధ వీరుడు, ఆ వీరుడి మీద సొంత ఇంట్లోనే జరిగిన కుట్ర, చివరికి కత్తి పట్టక తప్పని ఒక యువకుడు, అన్నీ ఉన్నాయి. అయితే ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఆ కత్తి గడ్డం గీసుకునేది. నెత్తురు చాలావరకు పటిక రాస్తే ఆగిపోయేదే. వీరుడు మా తాత, అమ్మ వాళ్ల నాన్న. ఫారెస్టు గార్డుగా రిటైరై దుమ్ముగూడెంలో స్థిరపడి, ఎండాకాలంలో కూడా మఫ్లరు చుట్టుకునే మనిషి. కుట్ర చేసింది మా అమ్మమ్మ. యువకుడు ఇంటర్లో లెక్కలు తప్పినవాడు. గోదావరి మాత్రం నిజంగానే పొంగింది. అది ఏటా పొంగుతుంది, మా కోసం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు.

పోయిన నెల మా మామ ఖమ్మంలో నా గదికి వచ్చాడు. దుమ్ముగూడెం ఇంటికి పెంకులు దింపించి రేకులు వేయిస్తున్నాడట, అటక ఖాళీ చేస్తుంటే దొరికిందని పైభాగం కోసేసిన పాత పౌడరు డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఏంది మామా, గింత దూరమొచ్చి పౌడరు తెచ్చినవ్?"

"నీ మొఖానికి పౌడరు ఎక్కదు గాని, తీసి చూడు. నీ ఆస్తే."

లోపల నూనెగుడ్డ. గుడ్డలో తాత మడత కత్తి. మంగలి షాపుల్లో ఇప్పుడు సగం బ్లేడు విరిచి పెట్టుకునే రకం కాదు, అసలుది. అంచు అరిగితే నూరుకుని వాడాల్సింది. బర్రె కొమ్ముతో చేసిన పిడిని పురుగు తిన్నది. ఉక్కు మీద తుప్పు పుట్టుమచ్చల్లా లేచింది. కొస దగ్గర గోరు అంత ముక్క ఎగిరిపోయి ఉంది. ఆ లొట్ట చూడగానే నా ఎడమచేతి వేలు తనంతట తాను మడుచుకుంది, దేన్నో సాగదీసి పట్టుకోబోయినట్టు. నేను టూ వీలర్ షోరూంలో సర్వీసు కౌంటర్లో పనిచేస్తాను. నా వేళ్లు సాధారణంగా సొంత నిర్ణయాలు తీసుకోవు.

నేను లెక్కలు తప్పిన వానాకాలం మా ఇంట్లో పెద్ద ఆలోచన జరిగింది. కొత్తగూడెంలో ఉంటే స్నేహితులు చెడగొడతారు, దుమ్ముగూడెంలో అయితే ఫోనుకు సిగ్నల్ ఉండదు, చదవక ఏం చేస్తాడు అని నాన్న నన్ను బస్సెక్కించాడు. చదవకుండా ఉండటానికి సిగ్నల్ అవసరం లేదని అక్కడికి పోయాక నాకు తెలిసింది. ఆ ఇల్లు నాకు ఇప్పటికీ వాసనల్లోనే గుర్తుంది. పొయ్యి మీద నీళ్ల కాగుకు అంటిన మసి, అటక మీద ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు మగ్గిన తీపి, వాన తేమకు ఊరిన తోలు, వీటన్నిటి మీద గోదావరి బురద. పొద్దున్నే అమ్మమ్మ వేడినీళ్ల చెంబు అరుగు మీద పెట్టేది. స్తంభానికి కొట్టిన మేకుకు తాత అద్దం తగిలించేవాడు. సర్కారు ఇచ్చిన తోలు బెల్టు ఒకటి కిటికీ ఊచకు వేలాడుతుండేది, ఉద్యోగంలో ఉన్నంతకాలం నడుముకు, తర్వాత కత్తికి. బెల్టు కొస ఎడమచేత్తో లాగిపట్టి, కుడిచేత్తో కత్తిని పైకీ కిందికీ రుద్దేవాడు. ఆ చప్పుడు వినబడిందంటే ఇంట్లో అందరికీ ఒకటే రూలు: కత్తి తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా ఎవరూ మాట్లాడకూడదు, కుర్చీ లాగకూడదు, దగ్గకూడదు. అమ్మమ్మ కుక్కరు దించేసేది. పాలాయన క్యాను పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయేవాడు. పక్కింటి కోడిపుంజుకు మాత్రం ఈ క్రమశిక్షణ అబ్బలేదు.

ఈ రూలు మొదట్లో మర్యాద కొద్దీ పెట్టింది. నేను పోయేనాటికి అది భయం కొద్దీ నడుస్తోంది. తాత గుండెకు స్టెంటు వేశారు. నెత్తురు పల్చబడే గోలీలు రాసిన ఖమ్మం డాక్టరు, కింద పడకండి, ఎక్కడా తెగనివ్వకండి, పన్ను పీకించుకోవాలంటే ముందు నాకు చెప్పండి అని జాగ్రత్తలన్నీ చెప్పాడు. ఈ మనిషి రోజూ పొద్దున్నే మెడ మీద కత్తి పెట్టుకుంటాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు కాబట్టి చెప్పలేదని తాత వాదన. అది చాలదన్నట్టు తాత కుడిచేతికి వణుకు మొదలైంది. చెంబు ఎత్తితే నీళ్లు తొణికేవి, చొక్కా గుండీ దొరికేది కాదు. కత్తి గాల్లో ఉన్నంతసేపు దాని అంచు మీద వెలుతురు అల్లల్లాడేది, చెంపకు ఆనగానే ఆగేది. ఆగుతుందని తెలిసినా, ఆ ఆనే క్షణం వరకు మేమందరం ఊపిరి బిగబట్టి ఉండేవాళ్లం.

"తాతా, నీ చెయ్యి వణుకుతున్నది."

"చెయ్యి గాదురా, అద్దం ఊగుతున్నది. మేకు వదులైంది. సరిగ్గ కొట్టు."

నేను కొత్త మేకు తెచ్చి గట్టిగా కొట్టాను. మర్నాడు కొత్త మేకుకు కూడా అద్దం ఊగిందని తాత ప్రకటించాడు.

సెలూనుకు పొమ్మని అమ్మమ్మ బతిమాలేది. "సర్వీసంత చర్ల అడవుల్ల నా మెడ నేనే కాపాడుకున్న. ఇప్పుడు బజార్ల కూసొని పరాయోనికి అప్పజెప్పాల్నా?" అనేవాడు. ఒకసారి ఆమె బజారు నుంచి ప్లాస్టిక్ రేజరు తెచ్చి అద్దం పక్కన పెట్టింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాంతో ఆమె ఉన్ని శాలువా మీద లేచిన పోగులు నున్నగా గీసి మడతపెట్టి ఇచ్చాడు. శాలువా కొత్తదానిలా అయింది. అమ్మమ్మ ఆ మాట తర్వాత ఎత్తలేదు. ఇక ఆ కత్తి మామూలుది కాదని తాత నమ్మకం. కలప కొనడానికి వచ్చిన ఒక దొరను తాను ఎలుగుబంటి నుంచి కాపాడితే, ఆయన మెచ్చి ఇచ్చి పోయాడట. నేను నోరు తెరిచి వింటుంటే అమ్మమ్మ లోపలి నుంచి అందించేది: "ఎలుగుబంటి లేదు, దొర లేడు. భద్రాచలం తిరునాళ్లల్ల పాత సామాన్ల దుకాణంల కొన్నడు. నాకు గాజులు తెస్తనని పోయి."

ఆ వానాకాలం గాట్లు ఎక్కువయ్యాయి. మొదట్లో వారానికి ఒకటి, తర్వాత రోజుకొకటి. తాత పేపరు ముక్కలు చించి నెత్తుటి మీద అంటించుకునేవాడు. ఒకరోజు ఆయన దవడ మీద వాతావరణ హెచ్చరిక, చెంప మీద కన్యారాశి ఫలితం ఉన్నాయి. కత్తి పదును నిలవటం లేదని ఆయన గొణుక్కునేవాడు. ఇంతకుముందు ఎప్పుడో ఒకసారి రాయి మీద నూరితే చాలాకాలం నడిచేది, ఇప్పుడు సాయంత్రం నూరి పెడితే మర్నాడు ఒక్క గీతకు కూడా రావటం లేదు. మొదట ఉక్కును తిట్టాడు. తర్వాత వానను. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వుగిట్ల పెన్సిల్ చెక్కుతున్నవారా దీంతోని?"

"నేను పెన్సిల్ పట్టి ఎన్నొద్దులైందో అమ్మమ్మనడుగు."

"అది నిజమే," అని అమ్మమ్మ నా తరఫున సాక్ష్యం చెప్పింది. ఆమె అంత త్వరగా ఎందుకు చెప్పిందో నేను అప్పుడు ఆలోచించలేదు.

ఒక పొద్దున కత్తి దవడ కింద పట్టుకుంది. వెంట్రుక తెగక ఆగింది. తాత కొద్దిగా నొక్కాడు. కత్తి జారింది. ఆయన "ప్చ్" అన్నాడు, అంతే. పటిక రాస్తే పటిక ఎర్రబడింది. పేపరు ముక్క పెడితే జారి ఒళ్లో పడింది. అమ్మమ్మ తువ్వాల మడిచి నొక్కిపట్టి నిలబడింది. వాగు అప్పటికే రోడ్డెక్కింది, భద్రాచలం వైపు ఆటోలు బంద్. లోపల టీవీలో గోదావరి ఎంత పెరిగిందో చెప్తున్నారు. తువ్వాల మీద మచ్చ ఎంత పెరిగిందో నేను చూస్తున్నాను. రెండూ నెమ్మదిగానే పెరుగుతున్నాయి, రెండూ ఆగుతాయన్న హామీ ఎవరూ ఇవ్వటం లేదు. తాత మాత్రం తల పైకెత్తి దూలాలు చూస్తూ, "చాయ్ పెట్టుండ్రి, నాకేం గాలే," అన్నాడు. చాయ్ పెట్టాలంటే అమ్మమ్మ చెయ్యి తీయాలి. తీయలేదు. చాయ్ నేను పెట్టాను. చక్కెర బదులు ఉప్పు వేశాను. తాత అది కూడా తాగాడు. ఆయన ఏమీ అనకపోవటంతో నాకు ఇంకా భయమేసింది. అన్నం వేళకు నెత్తురు ఆగింది.

ఆ మధ్యాహ్నం తాత పడుకున్నాక నేను పెరట్లోకి పోయాను. అమ్మమ్మ రుబ్బురోలు ముందు గొంతుక్కూర్చుని ఉంది. పప్పు నానబోసిన గిన్నె పక్కన ఉంది గానీ ఆమె పప్పు రుబ్బటం లేదు. కత్తి తెరిచి, దాని అంచును రోటి గట్టు మీద అడ్డంగా ఈడుస్తోంది.

"అమ్మమ్మా, ఏం జేస్తున్నవ్?"

ఆమె ఉలిక్కిపడింది. కత్తి రోటికి తగిలి టింగుమంది. కొస దగ్గర ముక్క ఒకటి ఎగిరి ఎక్కడో పడింది.

"నోర్మూసుకో. మెల్లగ మాట్లాడు." ఆమె కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. "పదునుంటెనే గద కొడకా తెగేది. చెంచాతోని గీక్కుంటే ఎవలకన్న తెగుతదా? అందుకే రోజింత మొద్దు చేస్తున్న. ఎట్లన్న విసుగొచ్చి ఇడిసిపెడ్తడని."

నాకు కత్తుల గురించి ఏమీ తెలియదు. కానీ నాలుగు రోజుల కింద ఆ ఇంట్లో జరిగిన ఇంకో ప్రమాదానికి నేను సాక్షిని.

"మొన్న సొరకాయ కోస్తుంటే నీ వేలెందుకు తెగింది?"

"కత్తిపీట బండబారింది. కాయల దిగక, ఒత్తి పట్టేసరికి జారి..."

అక్కడ ఆగిపోయింది. రోటి మీది కత్తినీ, తన వేలి కట్టునూ చూసుకుంది. "అంటే పొద్దుగాల కారిన నెత్తురంత నేనే కారిపిచ్చిన్నా?" అంది.

"సగం అద్దానిది," అన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నా మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. అంతలో గడప దగ్గర దగ్గు వినిపించింది. తాత మఫ్లరుతో సహా నిలబడి ఉన్నాడు.

"ఏందా సప్పుడు?"

"గిన్నె," అన్నాం ఇద్దరం.

"గిన్నెకు గంత మంచి ఉక్కు సప్పుడు రాదు." దగ్గరికొచ్చి కత్తి తీసుకున్నాడు. లొట్టను బొటనవేలితో తడిమాడు. అరుస్తాడని నేను గోడ వైపు ఒక అడుగు జరిగాను. ఆయన కత్తిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కొన్నొద్దుల సంది కత్తికి మినపపిండి వాసనొస్తున్నది. నాకు తెల్వదా?"

"తెలిస్తె మరి అడగవైతివి?" అంది అమ్మమ్మ.

తాత తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. అది మఫ్లరు అంచును పట్టుకుని ఉన్నా, మఫ్లరుతో సహా కదులుతోంది. "అడిగితే నువ్వు దీని ముచ్చట తీస్తవ్. ఆ ముచ్చట తీయొద్దనే."

"మరి నన్నెందుకు తిట్టినవ్ పెన్సిల్ అని?" అన్నాను.

"ఎవల్నో ఒకల్ని తిట్టాలె గద."

ఇక్కడ మంచి నిశ్శబ్దం ఒకటి రావాలి. వచ్చేదే. కానీ అమ్మమ్మ, "మినపపిండి గాదు, పెసరపప్పు," అని సరిదిద్దింది.

ఆ సాయంత్రమే అరుగు మీద నా కొత్త చదువు మొదలైంది. నూనె రంగు తిరిగిన నల్లటి సానరాయిని తాత నీళ్లలో నానబెట్టి తడిగుడ్డ మీద కుదురుగా పెట్టించాడు. నేను కొడవలి నూరినట్టు కత్తిని వాలుగా పట్టుకున్నాను.

"కత్తి వీపు లేపకు. వీపు, అంచు రెండూ రాయికి ఆనాలె. ఒకటి లేసినా పాడైతది. రాయి మీద అంచు ముందు నడవాలె. తోలు మీద వీపు ముందు నడవాలె. మర్లేసేటప్పుడు వీపు మీదనే మర్లెయ్. బరువెయ్యకు, కత్తి బరువు కత్తికి చాలు."

నా చేతి మీద తన చెయ్యి వేసి నడిపించాడు. ఆయన వణుకు నా వేళ్లలోకి దిగింది. రాయి మీద గీరు, గీరు అని ముక్కలు ముక్కలుగా చప్పుడు వచ్చింది. నాలుగుసార్లు అట్లా పోయాక ఆయన చెయ్యి తీశాడు. కత్తి తడిరాయి మీద ఒక్క తీరుగా, సన్నగా, బియ్యం జారినట్టు జారింది. "నా చెయ్యి తీస్తనే మంచిగొస్తున్నది," అన్నాడు తాత, బయట వాన తగ్గిందని చెప్పినట్టు. నేను తల ఎత్తలేదు. కొస లొట్ట పోవాలంటే అంచంతా అక్కడిదాకా అరగదీయాలని, అట్లా అయితే కత్తి సగమవుతుందని, కొసతో తనకు పనిలేదు గనుక ఉండనిమ్మని చెప్పాడు. పదును వచ్చిందో లేదో చూసుకోవటానికి నా ఎడమచేతి వెంట్రుకలు వాడుకున్నాం. కొద్దిరోజుల్లోనే ఆ చెయ్యి వేరే ఎవరిదోలా నున్నగా అయింది.

ఒప్పందం ఎవరూ కూర్చుని రాసుకోలేదు. ఒక పొద్దున తాత చెంపలు గీసుకుని, దవడ దాకా వచ్చి ఆగాడు. కత్తి తుడిచి నా వైపు పట్టుకున్నాడు.

"చెంపలు నావి. మెడ నువ్వు చూస్కో."

వాగు ఇంకా రోడ్డు మీదే ఉంది. అయినా అమ్మమ్మ ఆటో అతన్ని పిలిపించి గేటు దగ్గర కూర్చోబెట్టింది. ఎక్కడికి పోతాడని అడిగితే, ఉండనీ అంది. ఆమె ఒక చేతిలో పటిక, ఒక చేతిలో పసుపు, భుజం మీద తువ్వాల, ఇవి చాలక చంకలో దూది పొట్లం. తాత కుర్చీలో తల వెనక్కి వాల్చాడు. మెడ మీది చర్మం కోడి మెడలా వదులుగా ఉంది. ఎడమచేతి వేలితో పైకి సాగదీస్తే, ఆ వేలి కింద నాడి కొట్టుకుంటోంది. నా నాడి కూడా వేలి కొసకు వచ్చి కొట్టుకుంటోంది. ఏది ఎవరిదో తెలియటం లేదు. గోలీలు గుర్తొచ్చాయి. డాక్టరు గుర్తొచ్చాడు. సప్లిమెంటరీలో మళ్లీ తప్పినా ఫరవాలేదు, ఇది మాత్రం తప్పకూడదనుకున్నాను. కత్తి ఆనించాను. మొదటి గీత సబ్బును, వెంట్రుకను కలిపి తీసుకుని చప్పుడు లేకుండా దిగింది. రెండోది దిగింది. మూడోది గొంతుముడి పక్కకు వచ్చేసరికి వంటింట్లో కుక్కరు కూత పెట్టింది.

కత్తి తెరిచినప్పుడల్లా కుక్కరు దించే మనిషి ఆ రోజు మమ్మల్ని చూస్తూ దించటం మర్చిపోయింది. పసుపు కిందపడింది. ఆటో అతను లేచి నిలబడి ఆటో స్టార్ట్ చేశాడు. నా చెయ్యి ఎక్కడిదక్కడ ఉంది. లేపాలో, ఉంచాలో తెలియలేదు. తాత పెదాలు కదలకుండా అన్నాడు: "పప్పుకు ఇంకో రెండు కూతలున్నయ్. కత్తి తీసి ఆగు."

తీసి ఆగాను. ముగ్గురం, ఆటో అతనితో నలుగురం, కుక్కరు కోసం నిలబడ్డాం. రెండు కూతలూ వచ్చాక మిగతా మెడ గీశాను. నెత్తురు చుక్క రాలేదు. అమ్మమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. తాత మెడంతా అరచేత్తో తడుముకున్నాడు, చెవి కింద ఆగాడు.

"ఎడమ పక్క నాలుగెంటికలు ఉన్నయ్."

కానీ కత్తి మూసే పని ఆ రోజు నాకిచ్చాడు. అంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు.

నేను అక్కడున్నంతకాలం అట్లాగే నడిచింది. లెక్కలు పాసయ్యాను, ఎట్లాగో నాకూ తెలియదు. నా తర్వాత మెడ మామకు వెళ్లింది. తాత పోయింది మెడ వల్ల కాదు. ఒక పొద్దున నిద్ర లేవలేదు, అంతే. నేను పోయేసరికి అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. రెండు రోజుల గడ్డం. మామ చెంబుతో వేడినీళ్లు, ఆ కత్తి తెచ్చి నాకిచ్చాడు. మెడ గీశాను. ఎప్పటిలాగే దవడ దగ్గర ఆగి, కత్తి తుడిచి ఆయన వైపు పట్టుకున్నాను.

"చెంపలు గూడ నువ్వే గియ్యాలె గదరా," అన్నాడు మామ.

గీశాను. అమ్మమ్మ లోపలికి పోయి ఎందుకో పొయ్యి మీది కుక్కరు దించి వచ్చింది. నా చెయ్యి వణకలేదు. తాత ఏమీ అనలేదు. ఎడమ పక్క నాలుగు వెంట్రుకలు ఉన్నాయని కూడా అనలేదు.

ఇప్పుడు నేను బ్యాటరీ మిషన్‌తో, ఫోను చూసుకుంటూ, రెండు నిమిషాల్లో గీసుకుంటాను. గోడ అవతల ఎవరో కుర్చీలు లాగుతుంటారు, బోరు మోటారు మోగుతుంటుంది, పై అంతస్తులో పిల్లలు దూకుతుంటారు. నా గడ్డం కోసం ఊపిరి బిగబట్టే మనిషి ఖమ్మంలో ఎవరూ లేరు. అంత ప్రమాదం కూడా లేదు. బహుశా అందుకే మామ ఇచ్చిన కత్తిని ఆదివారాలు కూర్చుని బాగుచేయటం మొదలుపెట్టాను. కిరసనాయిల్లో నానబెట్టి, సన్న గరుకు కాగితంతో తుప్పు తీశాను. తాత సానరాయి మామ కొడవళ్లకు వాడి మధ్యలో గుంట చేశాడు, కొత్తది కొన్నాను. బెల్టును ఎలుకలు తిన్నాయట. నా బెల్టు కిటికీకి తగిలించి రుద్దితే పొట్టు రాలింది. తోలని చెప్పి అమ్మినవాడు రెగ్జీను అంటగట్టాడని ఇన్నేళ్లకు తెలిసింది. కొస లొట్ట మాత్రం ముట్టుకోలేదు.

ఆ ఆదివారాల్లోనే ఒకసారి అమ్మ వచ్చింది. కత్తిని చూసి, "దీన్నెందుకు బయటికి తీసినవ్," అని మొహం తిప్పుకుంది. చాయ్ ఇచ్చాను. కప్పు ఎత్తుతుంటే సాసరు టకటకా చప్పుడైంది. ఇద్దరం విన్నాం.

"ఈ సాసరు సమంగ లేదురా," అంది.

నేను లేచి ఇంకో సాసరు తెచ్చాను. అదీ సమంగా లేదు. డాక్టరు దగ్గరికి పోదామన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆ ముచ్చట తీయొద్దని తాత మఫ్లరు పట్టుకుని నిలబడ్డది గుర్తొచ్చింది. తీయకపోతే ఏమైందో కూడా గుర్తొచ్చింది. తీశాను. అమ్మ సాసరు కింద పెట్టి, "అవ్, పోదాం," అంది, నేను ఎప్పుడడుగుతానా అని చూస్తున్నట్టు. వచ్చే సోమవారం పోతున్నాం. ఈలోగా నేను రోజూ పొద్దున్నే అద్దం ముందు కుడిచెయ్యి చాపి చూసుకుంటున్నాను. ఇప్పటికి కదలటం లేదు. అద్దం కూడా కదలటం లేదు, అది గోడకు జిగురుతో అంటించినది.

కత్తిని వాడినా వాడకపోయినా తడి లేకుండా తుడిచి, పల్చగా నూనె రాసి మూయాలి. కొబ్బరినూనె పనికిరాదు, చలికాలం గడ్డకట్టి మడత దగ్గర పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె రాయాలి.